బడిలో ఫోన్లు, కంప్యూటర్లు, ఇంటర్నెట్: ఏ పద్ధతిని ఎంచుకోవాలి?

పాఠశాలలో సాంకేతిక పరికరాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా చర్చ "ఉండాలా, వద్దా" అన్న చోటనే చిక్కుకుపోతుంది. ఉండాలనేవారికి పిల్లలు వెనుకబడిపోతారన్న బెంగ, వద్దనేవారికి పిల్లలు పాడైపోతారన్న బెంగ. రెండింటిలోనూ నిజం ఉంది గాని, నిర్ణయం తీసుకోవడానికి ఆ రెండూ చాలవు. ఫలానా పద్ధతిని ఎంచుకుంటే రోజువారీ బాధ్యత ఎవరి మీద పడుతుంది, దాన్ని మోసే తీరికా తెలివిడీ వారికి ఉన్నాయా అన్నది ముందుగా తేల్చుకోవలసిన విషయం. ఫోన్లను నిషేధిస్తే వాటిని ఉదయం తీసుకుని సాయంత్రం తిరిగి ఇచ్చే పని ఎవరో ఒకరు ప్రతిరోజూ చేయాలి. ప్రతి విద్యార్థికీ ట్యాబ్లెట్ ఇస్తే పగిలిన తెరలనూ మరిచిపోయిన పాస్‌వర్డ్‌లనూ చూసుకునే మనిషి కావాలి. ఇంటర్నెట్‌కు వడపోత (ఫిల్టర్) పెడితే, అది పొరపాటున మూసేసిన పేజీని తెరిపించగలవారు అందుబాటులో ఉండాలి. ఈ వ్యాసంలో ప్రతి మార్గాన్నీ నేను ఈ కొలతతోనే తూచాను. పెద్దలు చూసుకోలేనంత సాంకేతికతను బడిలోకి తెచ్చినప్పుడు, మిగిలిపోయిన ఆ భారమంతా పిల్లల మీదనే పడుతుందని నా నమ్మకం.

ఫోన్ల విషయంలో

ప్రభుత్వాల మొగ్గు ఇటీవలి కాలంలో స్పష్టంగా నిషేధం వైపే ఉంది. ఫ్రాన్స్ 2018లో చట్టం చేసి ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల్లో ఫోన్ వాడకాన్ని నిషేధించింది. నెదర్లాండ్స్ 2024 జనవరి నుంచి ఉన్నత పాఠశాలల తరగతి గదుల్లో, బోధనకు అవసరమైనప్పుడు తప్ప, ఫోన్లను దూరంగా ఉంచుతోంది. ప్రపంచ దేశాల్లో నాలుగో వంతుకన్నా తక్కువ దేశాలు మాత్రమే బడుల్లో స్మార్ట్‌ఫోన్లను నిషేధించాయని యునెస్కో 2023లో తన నివేదికలో పేర్కొంది. ఆ తరువాత ఆ సంఖ్య పెరుగుతూ వస్తోంది.

నిషేధం వల్ల మేలు జరుగుతుందా అంటే, ఏ మేలు గురించి అడుగుతున్నామన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. పదిహేనేళ్ల విద్యార్థులకు వివిధ దేశాల్లో పెట్టే పీసా పరీక్షల్లో, 2022లో, ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ సభ్య దేశాల విద్యార్థుల్లో సగటున 65 శాతం మంది కొన్ని గణితం తరగతుల్లోనైనా తమ పరికరాల వల్ల తమ ధ్యాస చెదిరిందని చెప్పారు. 59 శాతం మంది పక్కవారి పరికరాల వల్ల తమ ధ్యాస చెదిరిందన్నారు. ఈ రెండో అంకెను నేను మరింత ముఖ్యమైనదిగా భావిస్తాను, ఎందుకంటే తన ఫోన్‌ను తాను బుద్ధిగా సంచిలో పెట్టుకున్న పిల్లవాడు కూడా పక్కవాడి తెర వల్ల నష్టపోతున్నాడని అది చెబుతోంది. ఇంగ్లండ్‌లోని నాలుగు నగరాల పాఠశాలలపై 2015లో వెలువడిన ఒక ఆర్థిక శాస్త్ర పరిశోధన, ఫోన్లను నిషేధించిన తరువాత చదువులో వెనుకబడిన విద్యార్థుల ఫలితాలు మెరుగుపడ్డాయనీ, ముందున్నవారిలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదనీ చూపింది. మరోవైపు, ఇంగ్లండ్‌లోనే 30 పాఠశాలలకు చెందిన 1,227 మంది విద్యార్థులపై జరిగి 2025లో ప్రచురితమైన అధ్యయనంలో, కఠినంగా నిషేధించిన బడుల పిల్లలకూ వెసులుబాటు ఇచ్చిన బడుల పిల్లలకూ మానసిక క్షేమంలో తేడా కనిపించలేదు. రోజు మొత్తం మీద ఫోన్‌పై ఎక్కువ కాలం గడిపే పిల్లల పరిస్థితి మాత్రం బాగాలేదని అదే అధ్యయనం గుర్తించింది.

ఈ రెంటినీ కలిపి చదివితే, తరగతి గదిలో ధ్యాసను కాపాడటానికి నిషేధం పనికివస్తుందనీ, సాయంత్రం నుంచి నిద్రపోయేదాకా నడిచే వ్యవహారాన్ని బడి నియమం ఒక్కటే చక్కదిద్దలేదనీ అర్థమవుతుంది. మొదటి ప్రయోజనం కోసం నిషేధించండి. రెండోది కూడా దానంతట అదే వస్తుందని తల్లిదండ్రులకు మాట ఇవ్వకండి.

నిషేధించే తీరులో నాలుగు మార్గాలు కనిపిస్తాయి. ఫోన్‌ను అసలు బడికి తేకపోవడం ఒకటి. తెచ్చినా ఉదయమే అప్పగించి సాయంత్రం తీసుకోవడం రెండోది. ఆపేసి సంచిలో ఉంచుకోవడం మూడోది. ఏ తరగతిలో వాడవచ్చో ఆ ఉపాధ్యాయుల ఇష్టానికే వదిలేయడం నాలుగోది. చూడటానికి ఎంతో ఉదారంగా ఉండే ఈ చివరి మార్గమే నా దృష్టిలో అన్నిటికన్నా బలహీనమైనది. ఒక ఉపాధ్యాయురాలు వద్దంటుంది, మరో ఉపాధ్యాయుడు ఫరవాలేదంటాడు. నియమాన్ని పాటింపజేసినవారే పిల్లల దృష్టిలో కఠినాత్ములవుతారు. నాలుగు వారాలు తిరగకముందే వారు కూడా అలసిపోయి చూసీచూడనట్టు ఊరుకుంటారు. సంచిలో ఉంచే పద్ధతికి ఖర్చు లేదు గాని, కాపలా పని ప్రతి పీరియడ్‌లోనూ బోధించేవారి మీదనే పడుతుంది, పాఠం మధ్యలో వాదనకు దారితీస్తుంది. ఉదయం అప్పగించే పద్ధతిలో ఆ భారం రోజుకు రెండుసార్లకే పరిమితమవుతుంది, పాఠం చెప్పేవారు దానిలోకి రారు. అయితే పోయిన ఫోన్‌కూ పగిలిన ఫోన్‌కూ ఎవరు జవాబుదారీ అన్నది ముందే రాసి ఉంచుకోవాలి. దూరం నుంచి ఒంటరిగా ప్రయాణించే పిల్లలు ఎక్కువగా ఉన్న బడికి మొదటి మార్గం కుదరదు. ఇంటికి దగ్గరగా ఉండే చిన్న పిల్లల బడికి అదే అన్నిటికన్నా సులువు. పన్నెండు, పదమూడేళ్ల లోపు పిల్లలకు మొదటిదీ, ఆపై వయసువారికి రెండోదీ నేను సూచిస్తాను.

దేన్ని ఎంచుకున్నా, మినహాయింపులను రాతపూర్వకంగా ముందే ఖరారు చేయండి. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లల్లో చాలామంది చర్మానికి అతికించిన సెన్సర్ పంపే చక్కెర అంకెలను ఫోన్‌లోనే చూసుకుంటారు. కొన్ని వినికిడి యంత్రాలు ఫోన్‌తోనే సర్దుబాటవుతాయి. ఇలాంటి పిల్లవాడు ప్రతి కొత్త ఉపాధ్యాయుడికీ అందరి ఎదుట తన జబ్బు గురించి వివరించుకోవలసిన పరిస్థితి రాకూడదు. ఉపాధ్యాయులు తరగతిలో తమ ఫోన్లు చూసుకుంటూ పిల్లల ఫోన్లను తీసుకునే నియమం మాత్రం ఎక్కడా నిలవదు.

పరికరాలు ఎవరివి ఉండాలి?

ఉమ్మడి కంప్యూటర్ గది లేదా తరగతి నుంచి తరగతికి తిప్పే ల్యాప్‌టాప్‌ల బండి, ప్రతి విద్యార్థికీ సొంతంగా ఒక పరికరం, ఇంటి నుంచి తెచ్చుకునే పరికరం: ఈ మూడింట్లో నేను మూడోదాన్ని వెంటనే పక్కన పెడతాను. దానిలో పిల్లల మధ్య డబ్బు తేడా బల్ల మీదనే కనిపిస్తుంది. పైగా పదిరకాల పరికరాల భద్రతను ఏ పాఠశాలా చూసుకోలేదు.

మొదటి రెంటి మధ్య ఎంపిక అంత తేలిక కాదు. పెరూ గ్రామీణ ప్రాంతాల్లో పిల్లలకు చిన్న ల్యాప్‌టాప్‌లు ఇచ్చిన పథకాన్ని 319 ప్రాథమిక పాఠశాలల సమాచారంతో పరిశీలించి 2012లో వెలువరించిన అధ్యయనం, 15 నెలల తరువాత కూడా గణితంలోనూ భాషలోనూ మెరుగుదల కనిపించలేదని తేల్చింది. పరికరాలు వచ్చాయి, వాటితో ఏ పాఠం ఎలా చెప్పాలన్న తర్ఫీదు మాత్రం అందుకు తగ్గట్టు రాలేదు. అలాగని దూరంగా పెట్టడమూ జవాబు కాదు: 2022 పీసా లెక్కల్లోనే, బడిలో చదువు కోసం రోజుకు గంట వరకూ పరికరాలు వాడినవారు అసలు వాడనివారికన్నా గణితంలో సగటున 14 మార్కులు ఎక్కువ తెచ్చుకున్నారు. ఇది కారణాన్ని రుజువు చేసే అంకె కాదు, కలిసి కనిపించే సంబంధం మాత్రమే. అయినా, రోజుకు గంట వాడకానికి ప్రతి బిడ్డకూ ఒక పరికరం అవసరమా అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. చాలా బడులకు చక్కగా నిర్వహించే ఉమ్మడి బండి సరిపోతుంది. ఆ వ్యవస్థ రెండేళ్లు సాఫీగా నడిచి, ఉపాధ్యాయులే "ఇక చాలడం లేదు" అని అడిగే దశకు వచ్చినప్పుడు సొంత పరికరాల గురించి ఆలోచించవచ్చు.

కొనేటప్పుడు ధరతో పాటు భద్రతా నవీకరణలు ఏ తేదీ వరకు వస్తాయో తప్పక చూడండి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొత్త విండోస్‌కు సరిపోని పాత యంత్రాలు ఉన్న బడులు ఆ రోజున ఇబ్బందిలో పడ్డాయి. క్రోమ్‌బుక్‌లకు గూగుల్ పదేళ్ల నవీకరణలు ప్రకటించింది గాని, ఆ పదేళ్లను ఆ రకం యంత్రం మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచి లెక్కిస్తారు, మీరు కొన్న నాటి నుంచి కాదు. తక్కువ ధరకు దొరికే పాత రకానికి మిగిలిన ఆయుష్షు ఎంతో ఈ లెక్క వేస్తేనే తెలుస్తుంది.

ఇంటర్నెట్‌కు ఎలాంటి వడపోత?

మూడు మార్గాలున్నాయి. అన్నీ తెరిచి ఉంచి, చెడ్డవాటి జాబితాను మాత్రమే మూయడం మొదటిది. అన్నీ మూసి, ఉపాధ్యాయులు ఒప్పుకున్న వెబ్‌సైట్‌లను మాత్రమే తెరవడం రెండోది. చదువుకు కావలసిన సామగ్రిని బడిలోని ఒక చిన్న కంప్యూటర్‌లో దించుకుని, బయటి ఇంటర్నెట్ లేకుండానే పిల్లలకు అందించడం మూడోది. ఈ మూడో మార్గం చాలామందికి తెలియదు. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సాయంతో వికీపీడియాను, కోలిబ్రి అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ సాయంతో పాఠాలనూ అభ్యాసాలనూ ఇంటర్నెట్ లేని గదిలో కూడా చూడవచ్చు. పదేళ్ల లోపు పిల్లల బడికి నేను మొదట చెప్పేది ఇదే. దారితప్పి వెళ్లడానికి అక్కడ దారే ఉండదు, ఖర్చు తక్కువ, ప్రకటనలు ఉండవు. కొత్త సామగ్రిని అప్పుడప్పుడు మార్చడం ఒక్కటే దీనికి కావలసిన శ్రమ.

పెద్ద పిల్లలకు చెడ్డవాటి జాబితా పద్ధతి తప్పదు. ఒప్పుకున్న సైట్‌లే చూడాలంటే పదిహేనేళ్ల విద్యార్థి ఒక చిన్న పరిశోధన వ్యాసం కూడా రాయలేడు. అయితే వడపోత ఎలా పనిచేస్తుందో కొనేవారికి తెలిసి ఉండాలి. నేడు చాలా వెబ్‌సైట్‌లు గుప్తీకరించిన మార్గంలో, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రూపంలో, వస్తాయి కాబట్టి, మామూలు వడపోతకు ఏ సైట్‌కు వెళ్తున్నారన్నదే కనిపిస్తుంది, ఏ పేజీ చదువుతున్నారన్నది కనిపించదు. అది కూడా కనిపించాలంటే ప్రతి యంత్రంలో ప్రత్యేక డిజిటల్ ధ్రువపత్రం (సర్టిఫికెట్) పెట్టి గుప్తీకరణను మధ్యలో విప్పాలి. అప్పుడు పిల్లల పాస్‌వర్డ్‌లూ సొంత ఉత్తరాలూ కూడా విప్పేవారి చేతికి చిక్కుతాయి. అంత అధికారాన్ని మోసే స్తోమత చాలా బడులకు లేదు. సైట్ స్థాయి వడపోతతో సరిపెట్టుకుని, వెతుకులాట సాధనాల్లో సురక్షిత శోధనను తప్పనిసరి చేయడం మేలని నా అభిప్రాయం. సొంత ఫోన్‌లో మొబైల్ డేటా ఉన్న విద్యార్థికి బడి వడపోత వర్తించదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఫోన్ల నియమమూ వడపోత నియమమూ ఒకదానికొకటి ఆసరాగా ఉండవలసింది అందుకే.

వడపోత అతిగా మూసేయడం గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. రొమ్ము క్యాన్సర్ గురించి, యౌవనంలో వచ్చే శారీరక మార్పుల గురించి, వేధింపులకు గురైనప్పుడు సాయం అందించే సంస్థల గురించి చదవబోయిన పిల్లలకు ఒక్క పదాన్ని బట్టి తలుపు మూసుకుపోతుంది. అమెరికాలో 2000లో చేసిన చట్టం, ఇంటర్నెట్ చార్జీల్లో ప్రభుత్వ రాయితీ తీసుకునే పాఠశాలలూ గ్రంథాలయాలూ వడపోత పెట్టాలని నిర్దేశించింది. గ్రంథాలయాలకు సంబంధించి దానిపై వచ్చిన సవాలును అక్కడి సుప్రీంకోర్టు 2003లో తోసిపుచ్చినప్పుడు, పొరపాటున మూసిన పేజీని పాఠకులు అడిగి తెరిపించుకోవచ్చన్న వీలు ఆ తీర్పులో ముఖ్యమైన ఆధారమైంది. కాబట్టి రెండు వడపోతలను పోల్చేటప్పుడు అవి ఎన్ని కోట్ల సైట్‌లను మూస్తాయని అడగడం కన్నా, ఒక ఉపాధ్యాయురాలు మూసిన పేజీని తెరవమని అడిగితే ఆ పీరియడ్ ముగిసేలోగా అది తెరుచుకుంటుందా అని అడగడం ఎక్కువ ఉపయోగకరం. మూడు రోజులు పట్టే వడపోత ఉన్న బడిలో ఉపాధ్యాయులే అడ్డదారులు వెతుకుతారు, పిల్లలు వారిని చూసి నేర్చుకుంటారు.

నిఘా సాఫ్ట్‌వేర్

ప్రతి తెరనూ ఉపాధ్యాయుల బల్ల నుంచి చూపించే సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. తరగతి జరుగుతున్నంతసేపు, పిల్లలకు తెలిసేలా వాడితే వాటిలో తప్పు లేదు. అయితే తెరలు తన వైపు తిరిగేలా బల్లలు అమర్చి, వరుసల మధ్య నడిచే ఉపాధ్యాయుడు ఆ పనిని ఖర్చు లేకుండానే చేయగలడు. అడుగు దగ్గరకొస్తే పిల్లవాడు తడబడినచోట సాయమూ అందుతుంది. బడి గంట మోగిన తరువాత కూడా పనిచేసే నిఘాను మాత్రం నేను ఏ కారణంతోనూ సమర్థించలేను. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక పాఠశాల యంత్రాంగం, దొంగిలించిన ల్యాప్‌టాప్‌లను కనిపెట్టడానికి ఉద్దేశించిన సదుపాయంతో ఇళ్లలో ఉన్న విద్యార్థుల చిత్రాలు తీసిన సంగతి 2010లో బయటపడింది. చివరికి 6,10,000 డాలర్ల పరిహారంతో ఆ వ్యాజ్యం పరిష్కారమైంది. పెట్టినవారి ఉద్దేశం దొంగలను పట్టుకోవడమే అయినా, ఆ మీట ఎవరి చేతిలో ఉందో, ఎప్పుడు నొక్కవచ్చో ఎవరూ సరిగ్గా రాసి పెట్టుకోలేదు.

ఉచిత యాప్‌లా, డబ్బు చెల్లించేవా?

ఈ ఎంపికలోనే పాఠశాలలు అన్నిటికన్నా తొందరపడతాయి. ఒక ఉపాధ్యాయురాలికి మంచి యాప్ కనిపిస్తుంది, పిల్లలంతా పేరూ పుట్టినతేదీ ఇచ్చి చేరిపోతారు, ఆ వివరాలు ఎటు వెళ్లాయో తెలిసేసరికి ఏడాది గడిచిపోతుంది. కోవిడ్ మహమ్మారి కాలంలో 49 దేశాలు సిఫారసు చేసిన 164 చదువు సాధనాలను మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ పరిశీలించి, వాటిలో 89 శాతం పిల్లల హక్కులకు ముప్పు కలిగించేలా లేదా భంగం కలిగించేలా సమాచారాన్ని సేకరించినట్టు 2022లో వెల్లడించింది. వీటిలో ప్రభుత్వాలు స్వయంగా తయారు చేయించినవి కూడా ఉన్నాయి. కాబట్టి "ప్రభుత్వమే చెప్పింది కదా" అన్న ధీమా కూడా పనికిరాదు.

చట్టాలు దేశానికో తీరుగా ఉన్నాయి. అమెరికాలో 1998 నాటి చట్టం 13 ఏళ్ల లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. 2018లో అమల్లోకి వచ్చిన ఐరోపా సమాఖ్య నిబంధన 16 ఏళ్లను హద్దుగా పెట్టి, సభ్య దేశాలు దాన్ని 13 వరకు తగ్గించుకోవచ్చంది. భారతదేశం 2023లో చేసిన చట్టంలో 18 ఏళ్ల లోపు వారంతా పిల్లలే. మీ దేశపు హద్దు ఏదైనా, పిల్లల తరఫున సమ్మతి ఇచ్చేవారు ఏం చదివి ఇస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

డబ్బు చెల్లించే యాప్ తప్పకుండా మంచిదని చెప్పలేం, ఉచితమైనవన్నీ చెడ్డవనీ చెప్పలేం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా వచ్చే ఉచిత సాధనాలు కొన్ని పిల్లల వివరాలేవీ అడగవు. తేడా తెలుసుకోవడానికి నేను అనుసరించే పద్ధతి ఇది: యాప్‌ను పిల్లలకు ఇచ్చే ముందు ఉపాధ్యాయులు తామే ఒక పరీక్ష ఖాతా తెరిచి, ఎక్కడెక్కడ ఏ వివరం అడిగిందో రాసుకోవాలి. పేరు బదులు మారుపేరు ఒప్పుకుంటుందో లేదో చూడాలి. ఫోన్ కెమెరాకూ ఉన్న చోటుకూ అనుమతి అడిగితే, ఆ పాఠానికి అవి ఎందుకో సమాధానం దొరకాలి. చివరగా ఆ ఖాతాను చెరిపేయడానికి ప్రయత్నించాలి. చేరడానికి రెండు నిమిషాలూ, వెళ్లిపోవడానికి పది ఉత్తరాలూ పట్టే యాప్‌ను, దానిలోని పాఠం ఎంత బాగున్నా, నేను పక్కన పెడతాను.

చెరిపేయడం అంత ముఖ్యమా అన్న అనుమానం ఉంటే, 2024 డిసెంబరులో ఉత్తర అమెరికాలో వేలాది పాఠశాలల రికార్డులను భద్రపరిచే ఒక సంస్థలోకి దొంగిలించిన లాగిన్ వివరాలతో చొరబడిన ఘటనను చూడండి. అక్కడ బయటికి పోయినవాటిలో ఏనాడో చదువు ముగించి వెళ్లిపోయిన విద్యార్థుల వివరాలు కూడా ఉన్నాయి. దాచిపెట్టని వివరం దొంగ చేతికి చిక్కదు. అలాగే రికార్డులు చూడగల ప్రతి ఉద్యోగి ఖాతాకూ పాస్‌వర్డ్‌తో పాటు రెండో నిర్ధారణ (ఫోన్‌కు వచ్చే కోడ్ వంటిది) తప్పనిసరి చేయాలి.

కృత్రిమ మేధ సాధనాలు

చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న విడుదలైంది. న్యూయార్క్ నగర ప్రభుత్వ పాఠశాలలు 2023 జనవరిలో దాన్ని తమ నెట్‌వర్క్‌లో మూసివేసి, మే నెలలో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నాయి. ఇంట్లో తెరుచుకునే తలుపును బడిలో మూయడం వల్ల ఇంటిపని సమస్య తీరదు. యునెస్కో 2023 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో తరగతిలో వీటి వాడకానికి కనీస వయసు 13 ఏళ్లుగా ఉండాలని సూచించింది. అంతకన్నా తక్కువ వయసువారికి వద్దనడం నాకూ సబబుగానే తోస్తోంది.

ఆ పై వయసులో నిషేధానికీ పూర్తి స్వేచ్ఛకూ మధ్య, ఉపాధ్యాయుల ఎదుట తరగతిలో వాడి, అది ఇచ్చిన జవాబులో తప్పులు పట్టించే పద్ధతి మేలు. దాంతో పాటు కొంత రాతపని బడిలోనే, కాగితం మీద చేయించాలి. యంత్రం రాసిందో మనిషి రాశాడో తేల్చే సాధనాలను నమ్మి శిక్షించే మార్గాన్ని మాత్రం ఎంచుకోవద్దు. చాట్‌జీపీటీని తయారుచేసిన సంస్థే, తాను విడుదల చేసిన అలాంటి సాధనాన్ని సరిగ్గా పనిచేయడం లేదంటూ 2023 జులైలో ఉపసంహరించుకుంది. ఇంగ్లీషు మాతృభాష కాని విద్యార్థులు స్వయంగా రాసిన వ్యాసాలను ఇలాంటి సాధనాలు యంత్రం రాతగా పొరబడుతున్నాయని అదే ఏడాది ఒక పరిశోధన చూపింది. తాను కష్టపడి రాసినదాన్ని దొంగతనమన్న ఉపాధ్యాయుడిని ఆ బిడ్డ మళ్లీ నమ్మడం కష్టం.

ఏదైనా జరిగినప్పుడు ఎవరికి చెప్పాలి?

పైన చెప్పినవన్నీ చక్కగా ఎంచుకున్నా, ఏదో ఒకరోజు ఒక పిల్ల చూడరానిది చూస్తుంది, లేదా ఆమె ఫోటోను ఎవరో పంచుతారు. అప్పుడు ఆమె ఎవరికి చెప్పుకోవాలన్న విషయంలో బడులు సాధారణంగా మూడు ఏర్పాట్లలో ఒకటి చేస్తాయి: ఫిర్యాదుల పెట్టె, క్రమశిక్షణ కమిటీ, లేదా పేరు తెలిసిన ఒక ఉపాధ్యాయురాలో ఉపాధ్యాయుడో. పెట్టెలో వేసిన కాగితానికి జవాబు ఎప్పుడొస్తుందో తెలియదు. కమిటీ ముందుకు వెళ్తే "నీకు ఫోన్ ఎక్కడిది" అన్నది మొదటి ప్రశ్న అవుతుందని పిల్లలకు తెలుసు కాబట్టి వారు నోరు విప్పరు. అందుకే నేను మూడోదాన్ని గట్టిగా సూచిస్తాను, ఒక షరతుతో: సాయం కోసం వచ్చిన పిల్లలపై ఫోన్ నియమం ఉల్లంఘించినందుకు చర్య ఉండదని నియమావళిలోనే స్పష్టంగా రాయాలి. ఆ బాధ్యత తీసుకున్నవారికి వారంలో రెండు పీరియడ్‌లైనా ఖాళీ ఇవ్వాలి. వారు సెలవులో ఉంటే చూసుకునే రెండో మనిషి పేరు కూడా తరగతి గది గోడ మీద, చిన్న పిల్లలు సైతం చదవగలిగే అక్షరాల్లో ఉండాలి.